చల్లారాక తెలిసే రుచి

"నువ్వు పోస్తూ ఉండు. ఎలా ఉందో నేను చెప్తాను."

మా ఆయన లోర్న్ ఈ మాట మొదటిసారి ఎప్పుడన్నాడో గుర్తులేదు. పెళ్ళయిన కొత్తలో, నేను బీట్‌రూట్ సూప్ గరిటెతో పోస్తున్నప్పుడు అని ఉంటాడు. అప్పుడది ముద్దుగానే అనిపించి ఉంటుంది. ఆ తర్వాత ఆ మాట సూప్ నుంచి బంగాళాదుంప కూరి మడిచే పిరోగీలకి, పిరోగీల నుంచి కర్టెన్ల రంగుకి, అక్కణ్ణుంచి నా జ్వరానికి కూడా పాకింది. నాకు ఒళ్ళు కాలిపోతుంటే చెయ్యైనా వెయ్యకుండా "అంత లేదులే" అని తేల్చేసిన మనిషి. ఆ రోజు పొద్దున ఆ మాట విన్నప్పుడు నా చేతిలో కాఫీ జగ్గు ఉంది. జగ్గులో వాంకూవర్ నుంచి పోస్టులో వచ్చిన కాఫీ ఉంది. కానీ అది ఎలా ఉందో నాకు అప్పటికే తెలుసు.

మాది కెనడాలో, సస్కాచువాన్‌లో హైవే పక్కన చిన్న ఊరు. ఊళ్ళో బొయ్‌చుక్ వాళ్ళ హోటలంటే మాదే. మామగారు పెట్టారు, ఆయన పోయాక లోర్న్ చూసుకుంటున్నాడని అందరూ అంటారు. చూసుకోవడమంటే నిజంగా చూడటమే, కౌంటరు వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని. పిండి కలిపేది, పిరోగీలు మడిచేది, కాఫీ దించేది, బల్లలు తుడిచేది నేనూ మా అత్తగారు పరాస్కా. ఒకసారి నా జీతం సంగతి ఎత్తితే, "నీ హోటల్లో నీకు జీతమేంటి లెస్యా?" అని పగలబడి నవ్వాడు. సరే, నా హోటలే కదా, ఈ గోడకి పసుపు రంగు వేయిద్దామా అంటే మాత్రం అది చటుక్కున వాళ్ళ నాన్న హోటలైపోతుంది.

పొద్దున్నే రైతులొచ్చి కిటికీ పక్కనున్న పొడుగాటి బల్ల దగ్గర చేరతారు. మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి కాఫీ బల్ల ఒకటి ఉంటుంది. వాన గురించి, కనోలా పంట ధర గురించి, ఎవడు ఏ ట్రాక్టరు కొని మునిగాడన్న దాని గురించి మాట్లాడుకుని, లేచే ముందు తోలు గ్లాసులో పాచికలు గిలకొట్టి వేస్తారు. ఓడినవాడు అందరి కాఫీకీ ఇవ్వాలి. ఆ బల్లకి పెద్ద హార్వీ. ఆడవాళ్ళు అక్కడ కూర్చోకూడదని ఎక్కడా రాసి లేదు. కూర్చోరు, అంతే. నేను జగ్గు పట్టుకుని ఆ బల్ల చుట్టూ తిరుగుతుంటాను. నా కప్పు కేకుల అద్దాల పెట్టె మీద ఉంటుంది. పోసుకుని మొదటి గుటక మింగేలోపు ఎవరో ఒకరు ఖాళీ కప్పు ఎత్తి చూపిస్తారు. "ఇక్కడ కప్పు పెట్టి ఎక్కడికి పోయావే?" అని అత్తగారు సణుక్కుంటూ దాన్ని ఇంకో మూలకి జరుపుతుంది. మళ్ళీ నాకు గుర్తొచ్చేసరికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయి ఉంటారు. నిలబడే గడగడా తాగేసి కప్పు సింకులో పడేస్తాను.

ఆ ఏడాది చలికాలం మొదట్లో పెట్రోలు బంకులో కొత్త కాఫీ మిషను పెట్టారు. హైవే మీద వెళ్ళేవాళ్ళు అక్కడే ఆగి అటే పోతున్నారు. లోర్న్‌కి ఒళ్ళు మండింది. "మనం అసలైన కాఫీ పెడదాం, దెబ్బకి లైను కట్టాలి" అన్నాడు. వాంకూవర్‌లో గింజలు వేయించే కంపెనీ నుంచి ప్రెస్టన్ అని ఒక అమ్మకాల మనిషి వచ్చాడు. మొదట్లో చెప్పిన పొద్దున అదే. వాళ్ళు ముందే పోస్టులో పంపిన కాఫీ నేను పోస్తే లోర్న్ తాగి "ఘాటు బాగుంది" అనగానే, "సార్, మీ నాలుక మామూలుది కాదు" అన్నాడు. పోతూ పోతూ కంపెనీ టోపీ ఒకటి నెత్తిన పెట్టి వెళ్ళాడు. మా ఆయన ఆ టోపీతోనే చర్చికి వచ్చాడు. ఫాదర్ తీయించాల్సి వచ్చింది.

నేనూ ఊరుకోలేదు. దేశమంతా గాలించాను. రాత్రి అంట్లు ఆరేలోపు ఫోన్లో వెతకడం, కొంచెం రుచి చూడ్డానికి పంపుతారా అని అడగడం. పంపారు! మాంట్రియల్ నుంచి ఒకటి, విన్నిపెగ్ నుంచి ఒకటి, హాలిఫాక్స్ నుంచి ఒకటి. పోస్టాఫీసు నుంచి ఒక పెట్టె తెచ్చుకుంటూ దారిలో మంచు మీద జారి పడబోయి పెట్టెనే ముందు కాపాడుకున్నాను. ఇంజను వెచ్చగా ఉండేందుకు కారుకి రాత్రి కరెంటు ప్లగ్ పెట్టడం మర్చిపోతే అది బిగుసుకుపోయే చలిలో, అందరికంటే ముందు హోటలుకి నడిచి వచ్చి వంటింట్లో ఒక్కదాన్నే కాఫీ దించుకునేదాన్ని. కాఫీలో నారింజ తొక్క వాసన ఉంది! ఎవరూ వెయ్యలేదు, గింజలోనే ఉంది! నాకు అరవాలనిపించింది. ఇన్నాళ్ళూ రోజుకి ఎన్ని జగ్గులు పోశానో, కాఫీ అంటే నల్లగా వేడిగా ఉండేదని తప్ప ఇంకేం తెలియదు. పిల్లలు పుట్టినప్పుడు తప్ప నాకిలా నిద్ర పట్టకపోవడం ఎప్పుడూ లేదు. అది బాధతో, ఇది ఆనందంతో.

ఆ నారింజ తొక్క విన్నిపెగ్‌ది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు పాత రొట్టెల బట్టీలో గింజలు వేయించి అమ్ముతారట. పసుపుపచ్చ ప్యాకెట్టు మీద చిన్న పిచ్చుక బొమ్మ. తాగకముందే మనసు ఇచ్చేశాను. హాలిఫాక్స్ వాళ్ళది గోధుమరంగు కాగితం సంచి, ఊరి పేరు తప్ప ఇంకేమీ లేదు. "ఇదేంటి, పశువుల దాణా సంచిలా ఉంది" అని లోర్న్ పై అరలోకి విసిరాడు. నిజం చెప్పాలంటే నేనూ దాన్ని తెరవలేదు.

శుక్రవారం సస్కటూన్ సిటీ నుంచి ఒడెట్ అనే ఆవిడ కొత్త మర బిగించడానికి వచ్చింది. కాఫీ గింజలు విసిరే మర. పొట్టి జుట్టు, పెద్ద బూట్లు, ముక్కు మీద కళ్ళజోడు. మర బిగించడం అయ్యాక "ఏ కాఫీకి సరిచెయ్యమంటారు?" అని అడిగింది.

"వాంకూవర్‌ది. ఆ సంగతి తేలిపోయింది" అన్నాడు లోర్న్.

"తేలలేదు" అన్నాను నేను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నేనే వెనక్కి తిరిగి చూశాను. అత్తగారి చేతిలో పిండి ముద్ద అలాగే ఆగిపోయింది. లోర్న్ టోపీ సర్దుకుని, "లెస్యాకి ఈ మధ్య కాఫీ పిచ్చి పట్టింది లెండి. పిచ్చుక బొమ్మ చూసి పడిపోయింది" అని ఒడెట్ వైపు నవ్వాడు. ఒడెట్ నవ్వలేదు. ఇద్దర్నీ ఒకసారి చూసి, "అయితే ఆదివారం బల్ల వేద్దాం. ఏ కప్పులో ఏముందో తెలియకుండా తాగండి. ఎక్కువమందికి ఏది నచ్చితే అదే. సరేనా?" అంది.

"వెయ్యండి, నాకేం భయం? నా నాలుక నాకు తెలుసు" అన్నాడు లోర్న్.

ఆ రెండు రోజులూ నా కాళ్ళు నేలమీద లేవు. ఇదేమీ లోకాన్ని తలకిందులు చేసే విషయం కాదని తెలుసు. ఒక ఊళ్ళో ఒక హోటల్లో ఏ కాఫీ పోయాలన్నదే కదా. కానీ నాకు అదొక్కటే కావాలి. రంగులు వదిలేశాను, జీతం వదిలేశాను, పిల్లల పేర్లు కూడా వాళ్ళ తాతల నాయనమ్మల పేర్లే పెట్టుకున్నాం. నేను ఎంచుకున్నది ఒక్కటైనా ఆ హోటల్లో ఉండాలి, అందరూ దాన్ని తాగాలి. ఇంత గట్టిగా దేన్నైనా కోరుకుని ఎన్నాళ్ళయిందో. కోరుకోవడం ఇంత బాగుంటుందా!

ఆదివారం చర్చి అయ్యాక, మూసిన హోటల్లో, కాఫీ బల్ల మీదే ఒడెట్ కప్పులు పరిచింది. ప్యాకెట్లు నాలుగు, కప్పులు మాత్రం ఐదు. నేను నోరు తెరవబోతే ఒడెట్ పెదవి మీద వేలు పెట్టుకుంది. రుచి చూసేవాళ్ళం నలుగురం: లోర్న్, ఊరి తరఫున హార్వీ, అత్తగారు, నేను. హార్వీ తోలు గ్లాసులోంచి పాచికలు తీసి తలా ఒకటి ఇచ్చాడు, నచ్చిన కప్పు పక్కన పెట్టమని.

"రెండే నియమాలు" అంది ఒడెట్. "ఒకటి, చెంచాతో తీసుకుని చప్పుడొచ్చేలా జుర్రాలి. ఎంత చప్పుడైతే అంత బాగా తెలుస్తుంది. రెండు, నేను చెప్పేదాకా ఎవరూ మాట్లాడకూడదు. మొహంలో కూడా ఏమీ కనపడనివ్వకూడదు. పక్కవాళ్ళ మాట చెవిన పడితే మన నాలుక మాట మనకి వినపడదు."

నేను ఆవిణ్ణి చూస్తూ ఉండిపోయాను. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు. నా నాలుకకి ఏమీ లోటు లేదన్నమాట. దానికి ముందే ఎప్పుడూ ఒక మాట వచ్చి కూర్చునేది, అంతే. సూప్ నోట్లో పెట్టుకునేలోపు "ఉప్పు తగ్గింది." సినిమా నుంచి బయటికి వచ్చేలోపు "చెత్తగా ఉంది." మా అమ్మని పాతిపెట్టి వస్తుంటే కార్లో, "అంత బాగా జరిగింది, నువ్వు ఏడవకూడదు." ఇప్పుడు ఆ మనిషి పక్కనే చెంచా పట్టుకుని నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు. నియమం మరి!

ఒడెట్ పొడి మీద వేడినీళ్ళు పోసింది. పైన తెట్టు కట్టింది. దాన్ని చెంచాతో చీల్చినప్పుడు లేచిన వాసనకి నాకు తల తిరిగింది. తర్వాత జుర్రడం. పెళ్ళయిన మొదటి నెలలో నేను సూప్ కొంచెం చప్పుడు చేసి తాగితే అత్తగారు, "మీ ఇంట్లో గుర్రాలు పెంచేవారా?" అంది. ఆ మాట గుర్తొచ్చి, చెంచా నోటి దగ్గర పెట్టుకుని, మా పుట్టింటి గుర్రాలన్నిటి తరఫునా జుర్రాను. అత్తగారు కళ్ళు ఉరిమి చూసింది. ఆ తర్వాత తన చెంచా ఎత్తి జుర్రింది చూడండి, కిటికీ అద్దాలు అదిరాయి. నవ్వు ఆపుకోవడానికి బుగ్గ లోపల కొరుక్కున్నాను.

మొదటి కప్పు పొగ, ఘాటు. రెండోది ఎక్కడో తెలిసిన మనిషిలా ఉంది, మాట్లాడటానికి ఏమీ లేని మనిషి. మూడోది నోట్లో పడగానే, నారింజ తొక్క! నా పిచ్చుక! పాచిక అప్పుడే పెట్టేద్దామా అనిపించింది. నాలుగోది వేడిగా ఉంది, ఇంకేం చెప్పలేదు. ఐదోది పూల వాసన, కొంచెం ఎక్కువే.

అంతలో ఠప్పుమని చప్పుడు. లోర్న్ తన పాచికని రెండో కప్పు పక్కన కొట్టాడు. "ఇదే! ఇదే వాంకూవర్! ఆ దమ్ము ఇంకెక్కడ వస్తుంది?"

"మాట్లాడకూడదన్నాను కదండీ" అంది ఒడెట్.

"తెలిసిపోయాక ఇంకా ఏం మూసుకుని కూర్చోమంటారు?" అన్నాడు. హార్వీ కూడా బుద్ధిగా తన పాచిక రెండో కప్పు దగ్గరే పెట్టాడు. "లెస్యా, కప్పులు తీసెయ్యి. టీవీలో హాకీ మొదలవుతుంది."

"ఇంకా అవ్వలేదు. ఇది వేడి చుట్టు. చల్లారాక మళ్ళీ చూడాలి" అంది ఒడెట్.

"చల్లారాకా?" లోర్న్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "చల్లారిన కాఫీ ఎవరు తాగుతారండీ?"

"నేను" అన్నాను.

కావాలని అన్న మాట కాదు. అడిగాడు కాబట్టి చెప్పాను. "నేను తాగుతాను, లోర్న్. రోజూ. పెళ్ళయినప్పటి నుంచీ. నాకు వేడి కాఫీ సంగతి తెలియదు, చల్లారిన కాఫీ సంగతి నన్నడుగు."

ఇంటికెళ్ళాక దీనికి ఎన్ని మాటలు పడాలో అనుకుంటున్నాను, ఇంతలో అత్తగారు గొంతు సవరించుకుంది.

"నేనూ తాగుతాను" అంది.

"అమ్మా, నువ్వుండు."

"ఎందుకుండాలిరా? మీ నాన్న తాగి లేవాలి, నువ్వు తాగి లేవాలి, ఆ బల్లంతా తాగి లేవాలి. అప్పుడు నా కప్పు నాకు దొరికేది. అది ఎప్పుడన్నా వేడిగా ఉందేమో అడుగు." చెంచా లోర్న్ మొహానికి గురిపెట్టింది. "వేడిగా ఉంటే ఏ కాఫీ అయినా బాగానే ఉంటుంది. నాలుక కాలుతుంటే నీకేం తెలుస్తుంది?"

ఇన్నేళ్ళుగా నా కప్పు ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిపిన మనిషి. ఆవిడ కప్పు ఎక్కడ ఉండేదో నేను ఒక్కసారైనా చూడలేదు. ఆ క్షణంలో ఆవిణ్ణి కావలించుకోవాలనిపించింది. కానీ బల్ల మీద కాఫీ చల్లారుతోంది, అది వదలలేను!

మళ్ళీ చెంచాలు ముంచాం. మొదటి కప్పు బూడిదైపోయింది. రెండోది అట్టముక్క. మూడోది, నా పిచ్చుక, నా నారింజ తొక్క, పుల్లగా పళ్ళు జివ్వుమనిపించింది. లేదు, కాదు, ఇంకోసారి చూద్దాం అని మళ్ళీ తీసుకున్నాను. పులుపే. ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు నాలుగో కప్పు. ఇందాక నోరు విప్పనిది ఇప్పుడు మొదలుపెట్టింది. మా అమ్మ నేలమాళిగలో గడ్డిలో దాచిన ఆపిల్ పళ్ళు. వాటి వెనక కాగిన వెన్న. మింగాక కూడా వెళ్ళిపోకుండా, ఇంకా ఏదో చెప్పాలన్నట్టు నోట్లోనే ఉంది. అది చల్లారే కొద్దీ బాగుంటోంది. ఒడెట్ వైపు చూశాను. ఆవిడ మొహంలో ఏమీ లేదు, నియమం తెలిసిన మనిషి.

మనసు మూడో కప్పు దగ్గర ఉంది, నాలుక నాలుగో దాని దగ్గర. పిచ్చుక బొమ్మకి మనసులోనే క్షమాపణ చెప్పుకుని నాలుగో కప్పు పక్కన పాచిక పెట్టాను. తలెత్తేసరికి అత్తగారి పాచిక అప్పటికే అక్కడ ఉంది. ఎప్పుడు పెట్టిందో చూడనే లేదు.

"రెండుకి రెండు" అన్నాడు లోర్న్. "ఇక నా హోటలు కాబట్టి..."

"ఉండవయ్యా" అన్నాడు హార్వీ. చెంచా తీసుకుని రెండో కప్పు జుర్రి మొహం చిట్లించాడు. నాలుగోది జుర్రాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు. "మేం పొద్దున్నంతా కూర్చునేవాళ్ళం కదా. మా కప్పులో సగం ఎప్పుడూ చల్లారే ఉంటుంది" అని తన పాచిక తీసి నాలుగో కప్పు దగ్గరికి జరిపాడు.

నేను చప్పట్లు కొట్టేశాను. ఎవరేమనుకుంటే నాకేం!

ఒడెట్ కప్పులు ఒక్కొక్కటే ఎత్తి అడుగున అంటించిన కాగితం చదివింది. మొదటిది వాంకూవర్. రెండోది ఎత్తి లోర్న్ వైపు తిప్పింది. "ఇది మీరు ఇన్నాళ్ళుగా పోస్తున్న కాఫీనే. ఏ కొట్లో బల్ల వేసినా పాతది ఒక కప్పు పెడతాను." హార్వీ బల్ల మీద గుద్దుతూ నవ్వాడు. లోర్న్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పాపం అనిపించింది, ఒక్క గుటకంత. మూడోది విన్నిపెగ్, ఐదోది మాంట్రియల్. మిగిలిన నాలుగోది హాలిఫాక్స్. పై అరలో పడున్న దాణా సంచి.

హాలిఫాక్స్ కాఫీ సంచులు మంచు కరుగుతుండగా వచ్చాయి. ఒడెట్ ఫోన్లో చెబుతుంటే మరని నేనే సరిచేశాను. మొదటి రోజు హైవే మీంచి ఒక జంట వచ్చింది. ఆవిడ ఒక గుటక తాగి ఆగి, కప్పులోకి చూసి, "ఈ ఊళ్ళో ఇలాంటి కాఫీయా? ఎవరు పట్టారండీ దీన్ని?" అంది. నేను ఆ పక్క బల్ల తుడుస్తున్నాను. తుడవడం ఆపాను.

స్టూలు మీంచి లోర్న్ గొంతు వినిపించింది. "ఏం చెప్పమంటారు? దేశమంతా గాలించాను. బల్ల వేసి, కళ్ళు మూసి తాగినట్టు తాగి, చల్లార్చి మరీ చూశాను. అసలు రుచి చల్లారాకే తెలుస్తుందండీ."

గుడ్డ నా పిడికిట్లో నలిగింది. అరవాలనుకున్నాను. అత్తగారు వంటింటి కిటికీలోంచి నన్నే చూస్తోంది. విచిత్రం ఏమిటంటే, ఆ కోపంలో కూడా నా లోపల సంతోషం చెక్కుచెదరలేదు. ఆ మనిషి పేరు మాత్రమే కొట్టెయ్యగలిగాడు. రుచి నా నోట్లో ఉంది.

గుడ్డ బల్ల మీదే వదిలేశాను. అల్మారాలో మంచి కప్పు తీసి, అప్పుడే దించిన జగ్గులోంచి నిండా పోసుకున్నాను. కేకుల పెట్టె దాటి, కౌంటరు దాటి, నేరుగా కిటికీ పక్క పొడుగాటి బల్ల దగ్గరికి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. హార్వీ నన్ను చూశాడు, నా కప్పు చూశాడు. పాచికల గ్లాసు నా ముందుకి తోశాడు.

"ఓడితే అందరికీ నువ్వే ఇవ్వాలమ్మాయ్."

"ఓడినప్పుడు చూద్దాం" అన్నాను.

"లెస్యా!" కౌంటరు దగ్గర్నుంచి లోర్న్ పిలిచాడు. "హార్వీ కప్పు ఖాళీ అయింది, కనపడట్లేదా?"

కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నాను. వేడి అరచేతులకి తగిలింది. జుర్రాను, అందరికీ వినపడేలా. తర్వాత జగ్గు వైపు గడ్డంతో చూపించాను.

"నువ్వు పోస్తూ ఉండు లోర్న్. ఎలా ఉందో నేను చెప్తాను."